కుడితి తొట్టి పడవ

సైదులు కొట్టిన రివిటు ఊడిందని చెప్పగల మొనగాడు ఎల్బీనగర్‌లో ఇంకా పుట్టలేదు. ఈ మాట అన్నది ఊళ్లోవాళ్లు కాదు, సైదులే. బస్సు బాడీలు కట్టే షెడ్డులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, చివరి పదేళ్లు మేస్త్రీగా ఉండి, అరవై దాటాక ఇంటి పట్టున కూర్చున్న మనిషి. టీ కొట్టు దగ్గర నిలబడ్డాడంటే రోడ్డు మీద పోయే ప్రతి బస్సుకూ ఒక వంక పెట్టేవాడు. దీని తలుపు సరిగ్గా కూర్చోలేదు, దాని పైరేకు కొట్టుకుంటోంది, అదిగో ఆ పసుపు రంగుది మాత్రం మనం కట్టిందే. గొప్పలు చెప్పుకునేవాళ్లలో సగం మందికి పని రాదు. సైదులు అలా కాదు, నిజంగానే పనిమంతుడు. అతనితో వచ్చిన చిక్కంతా అదే.

అటువంటివాడి వాకిట్లోకి మార్చి చివర్లో ఒక పొద్దున ట్రాలీ మీద పదహారడుగుల అల్యూమినియం పడవ వచ్చి దిగింది. అడుగంతా సొట్టలు, అంచులు వంకరలు, లోపల ఎండిన తవుడు, గడ్డి పరకలు. పక్కన గోనెసంచిలో చుట్టిన పాత మోటారు. ట్రాలీ వెనక నుంచి యాదలక్ష్మి దిగి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"చిన్నాయనా, దీన్ని నీళ్లమీద నడిచేటట్టు చెయ్యాలె. నీతోని అయితదా, కాదా?"

అయితదా కాదా అని సైదులును అడగకూడదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు కనకనే అడిగింది.

యాదలక్ష్మి సైదులు అన్న కూతురు. ముప్పై నాలుగేళ్లు. ఆమె భర్త రాజు దేవరకొండ అవతల కృష్ణ బ్యాక్ వాటర్‌లో చేపలు పట్టేవాడు. గుండ్రటి పుట్టి పడవలో అతను వల వేస్తే ఈమె తెడ్డు వేసేది. అతనికి కామెర్లు ముదిరి, దవాఖానల చుట్టూ తిరగడానికని ఇద్దరూ పట్నం వచ్చారు. కిందటి కార్తీకంలో రాజు పోయాడు. యాదలక్ష్మి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదురుకుంది. తెల్లారేసరికి నాలుగు వందల ఇడ్లీలు. ఇడ్లీల మీద ఆమెకు కోపం లేదు. నీళ్లు కనపడని చోట బతకడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

రాజుకు ఊళ్లో చేపల సొసైటీ సభ్యత్వం ఉండేది. గుట్ట అవతలి మలుపు అతని వంతు. మనిషి పోయాక ఏడాదిలోగా భార్య అడిగితే ఆ వంతు ఆమెకే ఇవ్వాలని సొసైటీ కట్టుబాటు. అడగకపోతే వరసలో ఉన్న తర్వాతి మనిషికి పోతుంది. యాదలక్ష్మి వెళ్లి అడిగింది. సొసైటీ అధ్యక్షుడు లింగస్వామి కాదనలేదు, ఔననలేదు.

"పుట్టి మీద ఆడమనిషిని గుట్ట అవతలికి ఒంటిగ పంపి, రేపు ఏమన్నైతే జవాబు ఎవరియ్యాలె కోడలా?" అన్నాడు.

"అయితే మోటరు పడవ తెచ్చుకుంట మామా," అంది యాదలక్ష్మి.

అక్కడున్న పది మందీ నవ్వారు. లింగస్వామి కూడా నవ్వి, "తెచ్చుకో పో. వచ్చే కార్తీకం దాటకముందే తెచ్చి, నువ్వే నడిపి సూపెట్టు. కాయిదం అప్పుడు రాసిస్త," అన్నాడు. నవ్వుతూ అన్నా పుస్తకంలో రాయించాడు. లింగస్వామికి ప్రతిదీ పుస్తకంలో ఎక్కాలి.

ఆ పడవ ఆమెకు దొరికిన తీరు కూడా చెప్పాలి. హాస్టల్‌కు బడంగ్‌పేట్ బర్రెల షెడ్డు నుంచి పాలు వస్తాయి. పాలల్లో నీళ్లెక్కువయ్యాయని కొట్లాడటానికి ఒకరోజు ఆమే అక్కడికి పోయింది. పోయి చూస్తే ఆరు బర్రెలు వరసగా నిలబడి పడవలో కుడితి తాగుతున్నాయి. ఎవరో బోటింగు పెట్టి మూసేసినవాళ్లు వదిలేసిపోతే, ఎనిమిదేళ్లుగా అది తొట్టి అయింది. మోటారు అటక మీద ఉంది. యాదలక్ష్మి పాల సంగతి మరిచిపోయింది. నాకు సిమెంటు తొట్టి కట్టిస్తే ఈ రేకు డొక్కు తీసుకుపొమ్మన్నాడు పాలాయన. పడవ వాకిట్లో దిగిన వారానికి సైదులు వెళ్లి రెండు రోజుల్లో తొట్టి కట్టి వచ్చాడు.

పడవ వాకిట్లో పట్టలేదు. గేటు ఊడదీస్తే గానీ తోక లోపలికి రాలేదు, ముక్కు సందులోకి మూరెడు పొడుచుకొచ్చింది. సైదులు భార్య అండాలమ్మ ముగ్గు వేసుకునే చోటు పోయిందని మూడు రోజులు సణిగి, నాలుగో రోజు నుంచి దాని అంచు మీదే బట్టలు ఆరేసింది. పై పోర్షన్లో కిరాయికుండే భానుమూర్తి స్కూటరు తీయాలంటే పడవ ముక్కు కింద నుంచి వంగి నెట్టుకుపోవాల్సి వచ్చేది. ఆయనది భీమవరం, కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెబుతాడు. అయినా కిక్కురుమనలేదు. పైగా రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని మెట్ల మీద నిలబడి, "ఏవండీ సైదులు గారూ, ఎంతవరకు వచ్చిందండీ మీ ఓడ?" అని పలకరించేవాడు.

పని మొదలైంది. యాదలక్ష్మి మధ్యాహ్నం వంట దింపేసి మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగి వచ్చేది, సాయంత్రం వంటకు వెళ్లిపోయేది. ఆ మూడు గంటలే పని. పాత రంగు గీకారు. లోపల చెక్క దిమ్మ ఆనించి, బయట రబ్బరు సుత్తితో సొట్టలు లేపారు. తర్వాత నీళ్ల పరీక్ష. పడవ నిండా బోరు నీళ్లు పోసి, బయట ఎక్కడ చెమ్మ కనిపిస్తే అక్కడ సుద్దముక్కతో గుండ్రంగా గీత. మొదటిరోజు పడవ ఒళ్లంతా గీతలే. భానుమూర్తి చూసి, ఇన్ని సున్నాలు మా పిల్లల పేపర్లలో కూడా ఉండవండీ అన్నాడు.

రివిటు కొట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. బయట నుంచి ఒకరు గన్ను పెట్టి కొడుతుంటే, లోపల ఒకరు రివిటు కొనకు ఇనుప దిమ్మ ఆనించి పట్టాలి. ఆ దిమ్మను డాలీ అంటారు. డాలీ కదిలిందా, రివిటు వంకర పోతుంది. పట్టు గట్టిగా ఉందా, దాని చప్పుడే వేరు. సైదులు షెడ్డులో డాలీ పట్టుకున్న ప్రతివాడినీ తిట్టిన మనిషి. యాదలక్ష్మిని మొదటివారం తిట్టాడు, రెండోవారం సణిగాడు, మూడోవారం ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే అతని మెచ్చుకోలని అండాలమ్మ లోపల నుంచి కేకేసి చెప్పింది. "ముప్పై ఏండ్ల నుంచి నా కూర గిట్లనే మెచ్చుకుంటుండు బిడ్డా!"

జూన్ నాటికి నూట అరవై రివిట్లు కొత్తవి పడ్డాయి. మోటారు విప్పి, కార్బురేటర్ కడిగి, నీళ్లు తోడే రబ్బరు చక్రం మార్చి, నీళ్ల డ్రమ్ములో ముంచి తాడు లాగితే పదకొండో లాగుకు సందంతా పొగ చేస్తూ లేచింది. యాదలక్ష్మి ఆ పొగలో దగ్గుతూ నవ్వింది. రాజు పోయాక ఆమె అలా నవ్వగా సైదులు చూడటం అదే మొదలు. గ్రీజు గుడ్డ కోసం వెతుకుతున్నట్టు అతను అటు తిరిగాడు.

నేల చెక్కలు వేయబోయే ముందు ఒక పొద్దున, యాదలక్ష్మి లేనప్పుడు, సైదులు ఒక పని చేశాడు. వాళ్ల షెడ్డులో ఒక ఆచారం ఉండేది. బస్సు బాడీ పూర్తయ్యాక చివరి నేల రేకు మూసే ముందు, డ్రైవరు కాళ్లుండే చోట, రేకును తళతళలాడేలా గీకి, నడుమ చిల్లున్న పాత రాగి పైసా ఒకటి పెట్టి మూసేవాళ్లు. ఆ పని పెద్ద మేస్త్రీ చేయాలి, ఎవరికీ చెప్పకూడదు, చేసి నోట్లో బెల్లంముక్క వేసుకోవాలి. బండికి గండం రాదు. సైదులు తన చేత్తో పెట్టిన పైసాలకు లెక్కలేదు. రేకుల డబ్బాలో ఇంకా నాలుగు మిగిలాయి. మోటారు దగ్గర, నడిపే మనిషి కాళ్లుండే చోట, అడుగు రేకును గరుకు కాగితంతో శుభ్రంగా గీకి, రేకుకూ అడ్డబద్దకూ మధ్య పైసాను బిగించాడు. బిడ్డకు గండం రావొద్దు తల్లీ అని మనసులో మొక్కుకున్నాడు. దాని మీద చెక్క బిగించి, బెల్లం చప్పరిస్తూ చాయ్ తాగడానికి పోయాడు.

ఆ తర్వాత వానలు. నీళ్ల ఉధృతి తగ్గాక చూద్దామన్నాడు లింగస్వామి. జూన్, జూలై నెలల్లో ఆదివారం ఆదివారం బోరు నీళ్లు పోసి చూశారు, ఒక్క చుక్క కారలేదు. ఇంక పరీక్షలెందుకని సైదులే మాన్పించాడు. వాన పడితే పడవలోకి నీళ్లు చేరేవి. పైనున్నవి తోడేవాళ్లు గానీ, చెక్కల కింద తడి అలాగే ఉండేది. వర్షాకాలంలో పడవ తడిస్తే తప్పేముందని ఎవరనుకుంటారు?

దీపావళి వెళ్లిన తర్వాతి ఆదివారం పడవను ట్రాలీకెక్కించి బ్యాక్ వాటర్‌కు తీసుకుపోయారు. ఒడ్డున సొసైటీ మనుషులంతా ఉన్నారు. నీలం రంగు వేసిన పడవ నీళ్లలో దిగగానే వాళ్ల మొహాల్లో నవ్వు పోయింది. సైదులు మీసం దువ్వుకుని, రివిటు రివిటుకూ మధ్య దూరం ఎంతో, ఎందుకో లింగస్వామికి వివరించడం మొదలుపెట్టాడు. యాదలక్ష్మి ఒంటరిగా ఎక్కింది. తాడు ఒక్క లాగు లాగింది, మోటారు పలికింది. నీళ్ల మధ్య పాతిన ఎర్రజెండా దాకా పోయి రావాలి. పడవ నీళ్లు చీల్చుకుంటూ తిన్నగా పోయింది.

సగం దూరంలో పడవ వెనక భాగం బరువెక్కింది. వేగం తగ్గింది. యాదలక్ష్మి కిందికి చూసింది, ఒక చేత్తో మోటారు పట్టుకుని, ఇంకో చేత్తో డబ్బా అందుకుని నీళ్లు తోడుతూ పడవను వెనక్కి తిప్పింది. ఎక్కడా తొట్రుపడలేదు. ఒడ్డుకు చేరేసరికి ఆమె చీలమండలు నీళ్లలో ఉన్నాయి.

"ఏమైందే?" అన్నాడు లింగస్వామి.

యాదలక్ష్మి నోరు తెరిచేలోపే సైదులు అందుకున్నాడు. పది మంది తన పడవలో నీళ్లు చూస్తున్నారు. ముప్పై నాలుగేళ్ల పేరు ఆ నీళ్లలో తేలుతోంది.

"నా రివిట్లు కారయి. బండకు తాకిచ్చి ఉంటది," అన్నాడు.

"బండ తాకలె," అంది యాదలక్ష్మి.

"తాకితె తెల్వదు బిడ్డా. నడుపుడు కొత్త గద."

లింగస్వామి పుస్తకం తెరిచాడు. పడవ బాగుంది, నడపడం చేతకాక బండకు కొట్టింది, అని రాయించాడు. "మీ చిన్నాయననే అంటుండు కోడలా, నేననలె. వచ్చే ఆదివారం మీటింగుల తేలుస్తం. ఆ వంతుకు వరసల ఇంకొకలు కూడ ఉన్నరు."

యాదలక్ష్మి సైదులు వైపు చూసింది. సైదులు మోటారు వైపు చూశాడు. తిరుగు ప్రయాణంలో ఆమె ముందు సీట్లో కూర్చోలేదు. వెనక పడవలోనే కూర్చుని, ఎల్బీనగర్ దాకా ఒక్క మాట మాట్లాడకుండా వచ్చి, చౌరస్తాలో దిగి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే సైదులు పడవను బోర్లించాడు. బండ తగిలిన దెబ్బ ఎక్కడుందో వెతికాడు. వేళ్లతో తడిమాడు, కళ్లజోడు పెట్టుకుని చూశాడు, పడుకుని చూశాడు. సొట్ట లేదు, గీత లేదు. రంగు కూడా చెదరలేదు. రివిట్లన్నీ రాయిలా ఉన్నాయి. మోటారు దగ్గర మాత్రం కందిగింజంత చిల్లు ఉంది, దాని చుట్టూ రేకు తెల్లగా, పిండిలా రాలుతోంది. అది బయట నుంచి తగిలిన దెబ్బ కాదు. లోపల నుంచి తిన్నది.

పడవను మళ్లీ తిప్పి, చెక్క ఊడదీశాడు. రాగి పైసా అక్కడే ఉంది. దాని కింద రేకు, సరిగ్గా పైసా ఎంతుందో అంత మేర, తెల్లటి ముద్దయిపోయింది. వేలితో నొక్కితే వేలు బయటికొచ్చింది.

ఎనిమిదేళ్లు బర్రెలు కుడితి తాగినా చిల్లు పడని రేకు. తన వాకిట్లో నాలుగు నెలలకే పడింది. భానుమూర్తి కాఫీ గ్లాసుతో కిందికి దిగి, వంగి చూసి, గ్లాసు నేలమీద పెట్టేశాడు.

"అయ్యో సైదులు గారూ! రాగీ అల్యూమినియమూ ఒకదాన్నొకటి ఆనుకుని తడిలో ఉంటే అది బ్యాటరీ అయిపోతుందండీ. అందులో కరిగిపోయేది అల్యూమినియమే. మన బోరు నీళ్లలో ఉప్పెక్కువ, ఇంకా తొందరగా తినేస్తుంది. ఏటా రెండు వందల మందికి బోర్డు మీద బొమ్మ వేసి చెబుతానండీ ఇది! నేను మెట్లు దిగి వచ్చి ఒక్కసారి చూసి ఉంటే..."

"బస్సులకు పెడితె ఏం కాలె గద సారు?"

"బస్సు నీళ్లలో నానదు కదండీ."

ఏ డ్రైవరు కాళ్ల కింద ఎన్ని చిల్లులు పడ్డాయో అన్న ఆలోచన కూడా ఒక క్షణం సైదులుకు వచ్చింది. దాన్ని అవతలికి తోశాడు. ఇప్పుడున్న పరేషాన్ చాలు.

అండాలమ్మ ఇద్దరి మాటలూ విని బయటికొచ్చింది. "చెప్పకు," అంది. "అతుకేసి తీస్కపో. ఈసారి మునగదు గద. పైసా సంగతి ఎవలకు తెల్సు? మా సారు చెప్పరు."

"నేను చెప్పనండీ," అన్నాడు భానుమూర్తి, కాస్త ఇబ్బందిగా.

సైదులు పైసాను జేబులో వేసుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. అతుకు వేస్తే పడవ తేలుతుంది, నిజమే. పుస్తకంలో రాసిన మాట మాత్రం చెరగదు. నడపడం చేతకాదు అని అక్కడ ఉంది. ఆ మాట లింగస్వామిది కాదు. అది తనదే. ఆ నీళ్లలో ఒంటి చేత్తో మోటారు పట్టి, ఇంకో చేత్తో తోడుతూ పడవను ఒడ్డుకు తెచ్చిన పిల్లను, చూడకుండానే, తన పేరు కోసం తాకట్టు పెట్టాడు. సిగ్గేసింది. ఇంతటి సిగ్గు అతనికి ఎప్పుడూ తెలియదు, అందుకే దానితో ఏం చేయాలో కూడా తెలియలేదు. లేచి, చొక్కా మార్చుకుని, మెట్రో ఎక్కాడు.

హాస్టల్ వంటింట్లో యాదలక్ష్మి సొరకాయలు తరుగుతోంది. సైదులు గుమ్మంలోనే నిలబడి, జేబులోంచి పైసా తీసి గట్టు మీద పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆచారం, బెల్లంముక్క, బ్యాటరీ, అన్నీ. ఆమె కత్తిపీట మీద నుంచి లేవలేదు.

"నీళ్లు కాళ్ల మీదికొచ్చినా నాకు భయం కాలె చిన్నాయనా," అంది చివరకు. "ఒడ్డు ఎంత దూరమున్నదో నాకు తెల్సు. నువ్వు బండ అన్నప్పుడు భయమైంది. నా తరపున ఉన్నది నువ్వొక్కనివే గద."

ఆమెకు కోపం అప్పుడొచ్చింది. సొరకాయ ముక్క గిన్నెలోకి విసిరింది.

"పైసా పెట్టినందుకు కాదు నా కోపం. నా మంచికే పెట్టినవ్. చూడకుండ అన్నవ్! పడవ తిప్పి చూసి అనొద్దా? నాకు చెప్పుడు గాదు, గా పది మంది ముందల చెప్పాలె."

"చెప్త."

"నీ పేరు పోతది."

"పోనీ."

యాదలక్ష్మి అతని మొహంలోకి చూసింది. సైదులు నోట ఆ మాట వస్తుందని ఆమె అనుకోలేదు. సైదులూ అనుకోలేదు.

"రేపు మధ్యాహ్నం వస్త," అంది. "ఈసారి గన్ను నేను పడ్త. నువ్వు లోపల కూసో."

అన్నట్టే వచ్చింది. తిన్న రేకంతా కోసేసి, బాగున్న రేకు దాకా వెళ్లి, కింద నుంచి అరచేతి వెడల్పు అతుకు వేశారు. రెండు రేకుల మధ్య సీలు జిగురు పూసి, చుట్టూ ఇరవై రెండు రివిట్లు. యాదలక్ష్మి బయట కొడుతుంటే సైదులు పడవలో ముడుచుకుని కూర్చుని డాలీ పట్టాడు. ఆరో రివిటుకే అతనికి తెలిసింది, ఆ చేయి తనదానికంటే నిదానమైందని, తన చేయి ఈమధ్య తొందరపడుతోందని. ఈసారి మెచ్చుకోలు మింగలేదు. "మంచిగ కొడ్తున్నవ్ బిడ్డా," అని బయటికే అన్నాడు. లోపల నుంచి అండాలమ్మ గరిటె కింద పడేసుకుంది. మూడు రోజులు పడవ నిండా నీళ్లు నిలిపి ఉంచారు. సుద్దముక్క అవసరం రాలేదు.

ఆదివారం మీటింగు ఒడ్డున రేకుల షెడ్డులో. లింగస్వామి పుస్తకం విప్పకముందే సైదులు లేచి నిలబడ్డాడు.

"కిందటి వారం నేను ఒక మాటన్న. అది అబద్ధం. బండ తాకలె. పడవల రాగి పైసా పెట్టింది నేను, దాంతోని రేకు తిన్నది. చూడకుండ ఆమె మీద పెట్టిన. నడుపుడు మీ అందరి కన్న మంచిగ వస్తది ఆమెకు. సగం పడవ నీళ్లతోని ఒంటిచేత్తో తెచ్చింది, మీరే చూసిండ్రు."

వెనక నుంచి ఎవరో, "ముప్పై ఏండ్ల మేస్త్రీ పైసా పెట్టి పడవ ముంచిండ్రో!" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. సైదులు తల దించుకోలేదు. చెవులు మండుతున్నాయి, నవ్వనిచ్చాడు. వాళ్లు నవ్వడానికి తగినంత పనే చేశాడు కదా.

"ఆ మాట పుస్తకంల నుంచి కొట్టెయ్యి," అన్నాడు నవ్వులు ఆగాక.

"కొట్టివేతలు నడవయన్నా," అన్నాడు లింగస్వామి. "కావాలంటె కింద ఇంకో మాట రాస్త."

"నేనే రాస్త."

పుస్తకం తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని, వంకర అక్షరాలతో రాశాడు. యాదలక్ష్మి బండకు తాకించలేదు. తప్పు నాది. కింద పేరు రాసి, అంతటితో ఊరుకోక, రిటైర్డ్ మేస్త్రీ అని కూడా పెట్టాడు. దాన్ని మాత్రం వదులుకోలేకపోయాడు పాపం.

"సరే," అన్నాడు లింగస్వామి. "ఆమె తప్పు లేదు. గని పడవ మీద నమ్మకమెట్ల? నువ్వు కట్టిందే మునిగింది."

"ఈసారి అతుకు కొట్టింది ఆమె. నేను లోపల దిమ్మ పట్టిన, అంతే. నడిపించి చూడు."

యాదలక్ష్మి అప్పటికే షెడ్డులో లేదు. ఒడ్డున పడవలో పెట్రోలు పోస్తోంది. ముందు భాగంలో ఒక గోనెమూట పెట్టింది. బరువు కోసమేమో అనుకున్నాడు సైదులు. "నేను గూడ వస్త బిడ్డా," అన్నాడు దగ్గరికి పోయి. "వద్దు. ఒడ్డుకే ఉండు," అంది. మోటారు మొదటి లాగుకే అందుకుంది.

ఈసారి సైదులు రివిట్ల గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. నీళ్ల అంచున నిలబడి పడవ వెనక భాగాన్నే చూస్తున్నాడు. దిగుతోందా, లేదు. సగం దూరం దాటింది. ఎర్రజెండా చేరింది. అక్కడ తిరగాలి. తిరగలేదు. జెండా దాటి, గుట్ట వైపు మళ్లి, మలుపులో కనపడకుండా పోయింది. కాసేపటికి మోటారు చప్పుడు కూడా ఆగిపోయింది.

పది నిమిషాలు. ఇరవై. లింగస్వామి చేతిగడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. "పుట్టి తియ్యండ్రి, పోయి చూద్దాం," అన్నాడు ఎవరితోనో. సైదులు నీళ్లలోకి రెండడుగులు దిగాడు. ఆ అతుకులోని ఇరవై రెండు రివిట్లనూ ఒక్కొక్కటిగా మనసులో తడిమి చూసుకున్నాడు. ఏ ఒక్కటీ వదులు లేదు. అయినా భయం పోలేదు. ఇన్నేళ్లలో తను కట్టింది ఎక్కి పోయిన మనిషి తిరిగి రావాలని ఒడ్డున నిలబడి ఎదురుచూడటం అతనికి ఇదే మొదటిసారి.

ముందు చప్పుడు వినపడింది. తర్వాత గుట్ట పక్క నుంచి నీలం ముక్కు బయటికొచ్చింది. యాదలక్ష్మి నిలబడి నడుపుతోంది. చీరె మోకాళ్ల దాకా తడిసి ఉంది గానీ పడవలో చుక్క నీళ్లు లేవు. ముందు భాగంలో గోనె ఖాళీగా పడి ఉంది.

"మూటల ఏముండె?" అన్నాడు లింగస్వామి.

"వల."

"ఏదీ?"

"ఏసొచ్చిన. మా ఆయన ఏసే కాడ."

లింగస్వామి మొహం ఎర్రబడింది. "కాయిదం చేతికి రాకముందే వలెట్లేస్తవ్ కోడలా? కట్టుబాటు లేదా?"

"ఏసేసిన గద మామా," అంది యాదలక్ష్మి, పడవలోంచి దిగకుండానే. "పొద్దుగాల ఎత్తాలె. ఎత్తుకునే హక్కు ఉన్నదని నువ్వు ఈ పొద్దు రాస్తవా, లేకుంటె మీ పది మంది పోయి ఎత్తుకొస్తరా? చేపలు మాత్రం కుళ్లనియ్యొద్దు."

ముందు నవ్విందెవరో తెలియదు. ఈసారి నవ్వు వేరుగా ఉంది. లింగస్వామి చివరికి పుస్తకం పట్టుకున్న మనిషిని చెయ్యూపి పిలిచాడు. షెడ్డు దాకా కూడా పోలేదు. పడవ ముక్కు మీదే పుస్తకం ఆనించి, ఆమె పేరు రాసి, సంతకం చేశాడు. యాదలక్ష్మి తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ పక్కనే తన పేరు పెట్టింది.

తర్వాత తాడు చుట్ట తీసి సైదులు మీదికి విసిరింది. అతను ఎలాగో పట్టుకున్నాడు.

"చిన్నాయనా, చిన్నమ్మకు ఫోన్ చేసి చెప్పు, ఈ పొద్దు నువ్వు రావని. తెల్లారి ఐదింటికి వల ఎత్తనీకి నాకు ఇంకో మనిషి కావాలె."

సైదులు తాడు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పద్నాలుగో ఏట ఊరు విడిచి పట్నం పోయిన మనిషి. జన్మలో వల ముట్టింది లేదు. అయితదా కాదా అని ఆమె అడగలేదు. అడిగి ఉంటే ఏమనేవాడో గానీ, అడగలేదు కనక నిజమే చెప్పాడు.

"నాకు రాదు బిడ్డా."

"నేర్పుత," అంది యాదలక్ష్మి.